సోలార్ ప్యానెల్ మీద మోటారు: పగ్గం ఎటువైపు వేయాలి?

ప్రశ్న: నా దగ్గర 100 వాట్ల సోలార్ ప్యానెల్ ఒకటి ఉంది. దానితో 12 వోల్టుల బ్రష్ మోటారును నడిపి చిన్న పిస్టన్ పంపు తిప్పాలని నా ప్రయత్నం. మోటారు మీద 60 వాట్లు అని రాసి ఉంది. బ్యాటరీకి కలిపితే 5 ఆంపియర్లు తీసుకుంటూ చక్కగా తిరుగుతుంది. ప్యానెల్‌కు నేరుగా కలిపితే మాత్రం మంచి ఎండలో కూడా కదలదు. చేత్తో ఒకసారి తిప్పి వదిలితే అందుకుంటుంది, ఆ తరువాత భయం వేసేంత వేగంతో తిరుగుతుంది. మబ్బు పడితే ఆగిపోతుంది. మళ్లీ ఎండ వచ్చినా దానంతట అది మొదలుకాదు. వేగం తగ్గించే పీడబ్ల్యూఎం రెగ్యులేటర్ తెచ్చి మధ్యలో పెట్టాను. ఇప్పుడు క్షణం తిరగడం, ఆగడం, రెగ్యులేటర్ దీపం ఆరి వెలగడం, మళ్లీ క్షణం తిరగడం, ఇదే వరస. మోటారు తీగలు విప్పి చూస్తే ప్యానెల్ 21 వోల్టులు చూపిస్తోంది కాబట్టి అందులో లోపం లేదనుకుంటున్నాను. ఒకరు బ్యాటరీ పెట్టమంటున్నారు, ఇంకొకరు రెండో ప్యానెల్ కొనమంటున్నారు. బ్యాటరీ లేకుండా ఈ మోటారును అదుపు చేయవచ్చా? రేపు మూడు ఫేజుల పెద్ద మోటారుకు వెళ్తే ఇవే సమస్యలు వస్తాయా?

సమాధానం: అదుపు చేయవచ్చు. బ్యాటరీ అవసరం లేదు, రెండో ప్యానెల్ అవసరం అంతకన్నా లేదు. మీ ప్యానెల్, మోటారు, పంపు మూడూ బాగానే ఉన్నాయని మీ ఉత్తరమే చెబుతోంది. తేడా ఒక్కచోటే ఉంది. మీ రెగ్యులేటర్ మోటారు వేగాన్ని పట్టించుకుంటోంది తప్ప ప్యానెల్ వైపు ఏం జరుగుతోందో చూడటం లేదు. బ్యాటరీ మీద పనిచేసేటప్పుడు చూడనక్కరలేదు కూడా. ప్యానెల్ మీద నడిచే మోటారుకు మాత్రం పగ్గం ప్యానెల్ వోల్టేజీ దగ్గర వేయాలి.

ముందుగా ఆ 21 వోల్టుల సంగతి. మోటారు విప్పేసి కొలిచిన వోల్టేజీ ప్యానెల్ శక్తి గురించి దాదాపు ఏమీ చెప్పదు. తెల్లవారుజామున, సూర్యుడు ఇంకా పైకి రాకముందే, ఈ రకం ప్యానెల్ 18, 19 వోల్టులు చూపించగలదు. ఆ సమయంలో దానితో చిన్న బొమ్మ మోటారు కూడా తిరగకపోవచ్చు. వెలుతురు తగ్గితే ప్యానెల్ ఇచ్చే కరెంటు అదే నిష్పత్తిలో పడిపోతుంది, వోల్టేజీ మాత్రం కొద్దిగానే తగ్గుతుంది. అందుకే ప్యానెల్ ఆరోగ్యం తెలుసుకోవాలంటే వోల్టులు కాదు, ఆంపియర్లు కొలవాలి. మీ మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి, దాని రెండు తీగలను నేరుగా ప్యానెల్ రెండు కొసలకు కలపండి. అది షార్ట్ సర్క్యూటే, అయినా ఈ పరిమాణంలో ఒక్క ప్యానెల్‌కు దానివల్ల హాని లేదు. ఆ క్షణంలో ఉన్న వెలుతురుకు ఎంత కరెంటు వస్తుందో అంతే వస్తుంది, అంతకు మించి రాదు. ఇదే పరీక్ష బ్యాటరీ మీద చేస్తే మీటరు కాలిపోతుంది, చేతులూ కాలవచ్చు. పొరపాటున కూడా చేయకండి.

మామూలుగా 36 సెల్‌లు ఉండే 100 వాట్ల ప్యానెల్ లెక్కలు ఇంచుమించు ఇలా ఉంటాయి. ఏమీ కలపనప్పుడు 22 వోల్టులు. షార్ట్ చేసినప్పుడు 6 ఆంపియర్లు. గరిష్ఠ శక్తి వచ్చే చోట 18 వోల్టులు, 5.5 ఆంపియర్లు. ఇవి చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండ, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు అన్న ప్రమాణం మీద ఇచ్చినవి. మీ ప్యానెల్ వెనుక అతికించిన కాగితం మీద అసలు అంకెలు ఉంటాయి, వాటినే నమ్మండి.

సున్నా నుంచి సుమారు 16 వోల్టుల దాకా ఏ వోల్టేజీ దగ్గర వాడుకున్నా ప్యానెల్ దాదాపు అదే కరెంటు ఇస్తుంది. 18 దాటాక కరెంటు చకచకా పడిపోయి 22 దగ్గర సున్నా అవుతుంది. అంటే ప్యానెల్‌కు ఒక మలుపు ఉంది, శక్తి అంతా ఆ మలుపు దగ్గరే ఉంది. 2 వోల్టుల దగ్గర వాడుకుంటే 6 ఆంపియర్లు వస్తాయి, కానీ అది 12 వాట్లే. మిగతా 88 వాట్లు మనకు దక్కకుండా ప్యానెల్‌లోనే వేడిగా మిగిలిపోతాయి.

ఇప్పుడు మోటారు సంగతి. బ్రష్ మోటారులో తిప్పే బలం కరెంటును బట్టి వస్తుంది, వేగం వోల్టేజీని బట్టి వస్తుంది. ఈ రెండు మాటలూ గుర్తుంచుకుంటే సగం సమస్య విడిపోతుంది. తిరుగుతున్న మోటారు తనలో తాను ఒక ఎదురు వోల్టేజీని పుట్టిస్తుంది, అదే దాని కరెంటును హద్దులో ఉంచుతుంది. ఆగి ఉన్నప్పుడు ఎదురు వోల్టేజీ ఉండదు, చుట్టల నిరోధం ఒక్కటే అడ్డం. మీ మోటారు నిరోధం 0.4 ఓమ్‌లు ఉంటుందని అనుకుందాం. 12 వోల్టుల బ్యాటరీకి కలిపిన తొలి క్షణంలో అది 30 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ ఇస్తుంది, మోటారు ఎగిరి అందుకుంటుంది. ప్యానెల్ మాత్రం 6 ఆంపియర్లు దాటి ఇవ్వలేదు. ఆ 6 ఆంపియర్లు 0.4 ఓమ్‌ల గుండా వెళ్తే మోటారు కొసల మీద ఉండేది 2.4 వోల్టులు. మీ పంపు తిరుగుతున్నప్పుడు 5 ఆంపియర్ల బలం చాలు. కానీ ఆగి ఉన్న పిస్టన్‌ను, బిగుసుకున్న సీళ్లను కదిలించడానికి 8 ఆంపియర్లు కావాలనుకోండి. 6 దగ్గర అది కదలదు.

చేత్తో తిప్పితే ఎందుకు అందుకుందో కూడా ఇక్కడే ఉంది. కదిలాక కావలసింది 5 ఆంపియర్లే, ప్యానెల్ దగ్గర 6 ఉన్నాయి. మిగిలిన బలం మోటారును పరుగెత్తిస్తుంది. పిస్టన్ పంపు ఎంత వేగంగా తిరిగినా దాదాపు అంతే బలం అడుగుతుంది కాబట్టి, ప్యానెల్ 5 ఆంపియర్లు ఇచ్చే 18 వోల్టుల పైదాకా వోల్టేజీ ఎక్కుతూ పోతుంది. 12 వోల్టుల మోటారు 18 వోల్టుల మీద తిరుగుతోంది. వేగం ఒకటిన్నర రెట్లకు మించిపోతుంది, మీ భయం న్యాయమైనదే. మబ్బు పడి ఎండ 83 శాతం కన్నా తగ్గగానే ప్యానెల్ 5 ఆంపియర్లు ఇవ్వలేదు, మోటారు ఆగుతుంది. ఎండ తిరిగి వచ్చినా 8 ఆంపియర్లు ఎక్కడినుంచి వస్తాయి?

గాలి పంకాలు, సెంట్రిఫ్యూగల్ పంపులు (రెక్కల చక్రం తిప్పి నీటిని విసిరేవి) ఈ విషయంలో చాలా మెత్తన. వాటికి కావలసిన బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, మొదలుపెట్టడానికి దాదాపు ఏమీ అక్కరలేదు. అందుకే వాటిని ప్యానెల్‌కు నేరుగా కలిపినా ఎండతోపాటు లేచి ఎండతోపాటు పడుకుంటాయి. 1954 ఏప్రిల్‌లో బెల్ లేబొరేటరీస్ వాళ్లు తమ సిలికాన్ సౌర బ్యాటరీని మొదటిసారి లోకానికి చూపించినప్పుడు తిప్పింది కూడా ఒక చిన్న బొమ్మ రంగులరాట్నాన్నే. సుమారు 6 శాతం సామర్థ్యమున్న సెల్‌లతో తేలికపాటి భారాన్ని ఎంచుకోవడం తెలివైన పని. పిస్టన్ పంపును ఎంచుకుని ఉంటే ఆ ప్రదర్శన వేరేలా ముగిసేదేమో.

మీ మోటారు కదలడానికి నిజంగా ఎంత శక్తి కావాలో లెక్క వేద్దాం. 8 ఆంపియర్లు, 0.4 ఓమ్‌లు అంటే 3.2 వోల్టులు, రెండూ గుణిస్తే 26 వాట్లకు లోపే. 100 వాట్ల ప్యానెల్ 26 వాట్ల పని చేయలేకపోతోంది! శక్తికి కొరత లేదు, అది తప్పు రూపంలో ఉంది. ప్యానెల్ దగ్గర వోల్టులు ఎక్కువ, ఆంపియర్లు తక్కువ; మోటారుకు ఆ క్షణంలో కావలసింది వోల్టులు తక్కువ, ఆంపియర్లు ఎక్కువ. మధ్యలో ఆ మార్పిడి చేసే పరికరం కావాలి. సోలార్ పంపుల వాళ్లు దీన్నే లీనియర్ కరెంట్ బూస్టర్ అంటారు. పేరు చూసి బెదరకండి, దాని సగం పనిముట్లు ఇప్పటికే మీ రెగ్యులేటర్ పెట్టెలో ఉన్నాయి.

పీడబ్ల్యూఎం రెగ్యులేటర్ అంటే సెకనుకు వేలసార్లు తెరుచుకుని మూసుకునే స్విచ్. స్విచ్ తెరిచి ఉన్నంతసేపు మోటారు చుట్టల్లోని కరెంటు టక్కున ఆగదు, పక్కనున్న డయోడ్ గుండా చుట్టూ తిరుగుతూ ఉంటుంది. స్విచ్ మూసుకున్న కొద్ది సమయం మాత్రమే ప్యానెల్ వైపు నుంచి తీసుకుంటుంది. స్విచ్ ఐదో వంతు సమయం మూసుకుని ఉంటే, మోటారులో 8 ఆంపియర్లు తిరుగుతున్నా ప్యానెల్ సగటున ఇచ్చేది 1.6 ఆంపియర్లే. వోల్టేజీ ఐదో వంతు అయింది, కరెంటు ఐదు రెట్లు అయింది. ఇదంతా ఒక షరతు మీద నడుస్తుంది. స్విచ్ మూసుకున్న ఆ చిటికెలో 8 ఆంపియర్లూ ఎవరో ఒకరు ఇవ్వాలి. బ్యాటరీ ఇస్తుంది. ప్యానెల్ ఇవ్వలేదు, దాని హద్దు 6. వోల్టేజీ ఒక్కసారిగా కుప్పకూలుతుంది, రెగ్యులేటర్‌లోని చిప్‌కు తిండి ఆగిపోతుంది, దీపం ఆరుతుంది, స్విచ్ పూర్తిగా తెరుచుకుంటుంది, ప్యానెల్ తిరిగి 21 వోల్టులకు లేస్తుంది, చిప్ మేలుకుంటుంది. మీరు చూస్తున్న వరస ఇదే.

దీనికి మందు రెగ్యులేటర్ ఇన్‌పుట్ దగ్గర పెద్ద కెపాసిటర్. సన్నని ధారను తొట్టిలో పట్టి చెంబుతో ముంచినట్టు, ప్యానెల్ తీరిగ్గా నింపుతుంటే స్విచ్ పెద్ద గుక్కల్లో తీసుకుంటుంది. 2200 మైక్రోఫారడ్‌ల ఎలక్ట్రోలైటిక్‌లు రెండు సమాంతరంగా వేయండి. ఒక్క పెద్దదాని కన్నా రెండు మేలు, వచ్చిపోయే కరెంటు వేడిని పంచుకుంటాయి. లోపలి నిరోధం తక్కువగా ఉండే రకం అడిగి తీసుకోండి. 50 వోల్టులకు పనికొచ్చేవి వాడండి. చలి ఉదయాన ప్యానెల్ వోల్టేజీ కాగితం మీది 22 దాటుతుంది, 25 వోల్టుల కెపాసిటర్ మీద పందెం వేయడం దండగ. ధన, రుణ కొసలు తారుమారు కానివ్వకండి. ముఖ్యమైన సంగతి, వాటిని రెగ్యులేటర్ టెర్మినళ్ల దగ్గరే బిగించాలి. ప్యానెల్ దగ్గర బిగించి మధ్యలో పది మీటర్ల తీగ లాగితే ఉపయోగం చాలావరకు పోతుంది.

ఇంతవరకు చేశాక, కొత్త పరికరం ఏదీ కొనకముందే ఒక ప్రయోగం చేయండి. వోల్ట్ మీటరును మోటారుకు కాదు, ప్యానెల్ కొసలకు కట్టండి. రెగ్యులేటర్ గుండీని పూర్తిగా తగ్గించి ప్యానెల్ కలపండి. మీటరు 21 చూపిస్తుంది. ఇప్పుడు గుండీని చాలా మెల్లగా పెంచండి. వోల్టేజీ 20, 19, 18 అంటూ దిగుతుంది, మోటారు మూలుగుతుంది, ఆపైన కదులుతుంది. 16 దగ్గర ఆపండి. మబ్బు వచ్చి మీటరు 16 కిందికి జారితే గుండీ తగ్గించండి, 16 పైకి వెళ్తే పెంచండి. మోటారు వైపు చూడనే చూడకండి. ఎండ ఎంత మారుతున్నా మోటారు ఆగకుండా, వేగం మాత్రం మార్చుకుంటూ తిరగడం వింటారు. ఆ కాసేపు కంట్రోలర్ మీరే. ఇక మిగిలింది మీ చేతికి బదులు ఒక సర్క్యూట్ పెట్టడమే.

ఈ ప్రయోగంలో ఇంకోటి కూడా గమనిస్తారు. మబ్బులో వేగం తగ్గిందని గుండీ ఇంకా పెంచారనుకోండి, వేగం పెరగదు, మోటారు చచ్చిపోతుంది. మలుపు దాటి ఎడమకు, అంటే తక్కువ వోల్టేజీ వైపుకు జారాక ఎంత ఎక్కువ అడిగితే అంత తక్కువ దక్కుతుంది. వేగాన్ని నిలబెట్టే ఆటోమేటిక్ రెగ్యులేటర్లు ప్యానెల్ మీద ఘోరంగా విఫలమయ్యేది ఇందుకే. వేగం తగ్గిందని ఇంకా లాగుతాయి, లాగిన కొద్దీ శక్తి పడిపోతుంది, పడిందని ఇంకా లాగుతాయి. ఎంత ఇన్‌పుట్ వచ్చినా 12 వోల్టులు స్థిరంగా ఇస్తామనే చిన్న కన్వర్టర్ మాడ్యూళ్లదీ ఇదే జబ్బు. బ్యాటరీ ఛార్జింగ్‌కు వాడే సోలార్ కంట్రోలర్‌ను బ్యాటరీ లేకుండా వాడదామన్న ఆలోచన వచ్చినా మానుకోండి. వాటిలో చాలావరకు బ్యాటరీ వోల్టేజీని చూసే తమ పని మొదలుపెడతాయి. అది లేకపోతే కొన్ని పనిచేయవు, కొన్ని పాడవుతాయి.

సొంతంగా కట్టుకుంటానంటే చిన్న మైక్రోకంట్రోలర్ సరిపోతుంది. ప్యానెల్ వోల్టేజీని 100 కిలో ఓమ్‌లు, 22 కిలో ఓమ్‌ల జంటతో విభజిస్తే 25 వోల్టులు నాలుగున్నర వోల్టులవుతాయి, 5 వోల్టుల చిప్ నిశ్చింతగా కొలుస్తుంది. సెకనుకు వందసార్లు కొలవండి. నిర్ణయించిన వోల్టేజీ కన్నా కింద ఉంటే స్విచ్ మూసి ఉండే వాటాను తగ్గించండి, పైన ఉంటే పెంచండి. తగ్గించేది గబగబా, పెంచేది నిదానంగా ఉండాలి. మబ్బు అంచు క్షణంలో వస్తుంది, అప్పుడు ఆలస్యం చేస్తే మోటారు ఆగిపోతుంది. ఎండ వచ్చాక అర సెకను ఆలస్యంగా వేగం పెంచితే ఎవరికీ నష్టం లేదు. ఈ వాటాకు ఒక పై హద్దు పెట్టండి. మీరు తిప్పే వేగం గుండీ ఇకమీదట చేసే పని ఆ హద్దును జరపడం ఒక్కటే. ఆ హద్దును ఒకచోట పాతేసిన అంకెగా కాకుండా, మోటారు సగటు వోల్టేజీ 12 దాటకుండా లెక్కకట్టాలి. ఎండ బాగా ఉండి మోటారుకు తన 60 వాట్లు దక్కాక ప్యానెల్ 20 వోల్టుల దాకా లేచి కూర్చుంటుంది, అది మంచి సంకేతమే.

చిప్‌కు వెళ్లే సరఫరా విడిగా చూసుకోండి. ప్యానెల్ నుంచి ఒక డయోడ్, దాని వెనుక 470 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్, అక్కడినుంచి 7805 లాంటి 5 వోల్టుల రెగ్యులేటర్. మోటారు వైపు వోల్టేజీ ఒక్క క్షణం పడినా ఆ డయోడ్ వల్ల చిప్ దాచుకున్న శక్తి వెనక్కి పోదు. స్విచ్‌గా 55 వోల్టులు తట్టుకునే మాస్‌ఫెట్, దానికి తగిన గేట్ డ్రైవర్ వాడండి. మోటారుకు అడ్డంగా ఉండే డయోడ్‌ను చులకనగా చూడకండి. మెల్లగా తిరిగేటప్పుడు కరెంటు అయిదింట నాలుగు వంతుల సమయం దాని గుండానే పోతుంది, కాబట్టి షాట్‌కీ రకం పెట్టి దానికి హీట్ సింక్ బిగించండి. 20 కిలోహెర్ట్‌జ్ దగ్గర పెడితే మోటారు పాట వినిపించదు. ఇవన్నీ వద్దనుకుంటే లీనియర్ కరెంట్ బూస్టర్లు తయారుగానే దొరుకుతాయి, ప్యానెల్ వోల్టేజీ, మోటారు కరెంటు రెండూ సరిపోయేది చూసుకుంటే చాలు.

ఏ వోల్టేజీ దగ్గర పట్టి ఉంచాలన్నది అడగవలసిన ప్రశ్న. కాగితం మీద 18 అని ఉంది కదా అని 18 పెట్టేవాళ్లే ఎక్కువ. ఆ 18 సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి మాట. మిట్టమధ్యాహ్నం సెల్ 60 డిగ్రీలకు చేరడం మామూలే. గరిష్ఠ శక్తి వోల్టేజీ ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున దిగి 15.5 దగ్గరకు వస్తుంది. మీరు 18 దగ్గరే పట్టుకుని కూర్చుంటే వేడెక్కిన ప్యానెల్ అక్కడ బాగా తగ్గిన కరెంటే ఇస్తుంది, ఎండ మండిపోతున్నా పంపుకు దక్కవలసిన శక్తి దక్కదు. అదే 15.5 దగ్గర పెడితే చల్లని ఉదయం పోయేది పదింట ఒక వంతు లోపే, ఎందుకంటే మలుపుకు ఎడమవైపు వాలు మెల్లగా ఉంటుంది, కుడివైపు నిట్టనిలువుగా ఉంటుంది. ఎటు తప్పినా ఒకటే కాదు. కాస్త కిందికి తప్పడమే మేలు. మీకైతే 15.5 నుంచి 16 మధ్య పెట్టమంటాను.

ఎంపీపీటీ ఉండాలి కదా అని మీకు ఎవరో ఒకరు చెప్పి తీరతారు. వోల్టేజీని అటూ ఇటూ కొద్దిగా కదిపి, శక్తి పెరిగిన వైపు వెళ్లే పద్ధతి అది. పెద్ద వ్యవస్థల్లో తప్పకుండా లాభమే. మీ 100 వాట్లకు స్థిర వోల్టేజీ పద్ధతి ముందు అది తెచ్చే అదనం కొద్ది వాట్లు. పైగా మోటారు వేగం స్థిరపడకముందే కదిపి కొలిస్తే అది దారి తప్పుతుంది. ముందు సులువైనది నడిపించండి, కోరిక ఉంటే తరువాత ప్రోగ్రాము మార్చుకోవచ్చు.

ఫలితం ఎంత ఉంటుందో చెబుతాను. ఎండ 40 శాతమే ఉన్న మబ్బు పూట ప్యానెల్ 16 వోల్టుల దగ్గర 2.3 ఆంపియర్లు, అంటే సుమారు 37 వాట్లు ఇస్తుంది. మార్పిడిలో పోగా మోటారుకు 33 వాట్లు చేరతాయి. కదలడానికి 26 చాలు, కాబట్టి చేయి వేయకుండానే మొదలవుతుంది. కదిలాక 5 ఆంపియర్ల దగ్గర 6.6 వోల్టులు దక్కుతాయి; అందులో 2 వోల్టులు నిరోధానికి పోతే, పూర్తి వేగంలో సగానికి కాస్త తక్కువగా తిరుగుతుంది. నేరుగా కలిపినప్పుడు ఇదే వెలుతురులో మీ పంపు చలనం లేకుండా ఉండేది. 70 శాతం ఎండ దగ్గరికి వచ్చేసరికి పూర్తి వేగం అందుకుంటుంది. రెండో ప్యానెల్‌ను సమాంతరంగా కలిపి ఉంటే? 8 ఆంపియర్ల కోసం ఎండ 67 శాతం దాటేదాకా ఆగాలి, మితిమీరిన వేగం సమస్య అలాగే ఉంటుంది. ఆ సలహా తప్పు కాదు, కానీ ఖరీదైన అరకొర.

బ్యాటరీ పెడితే పనిచేస్తుంది, సందేహం లేదు. కానీ దానితోపాటు ఛార్జింగ్ కంట్రోలర్, మరీ ఖాళీ కాకుండా చూసే కాపలా, కొన్నేళ్లకోసారి మార్చే ఖర్చు వస్తాయి. నీళ్లు తోడే పనికి బ్యాటరీ బదులు ట్యాంకు పెద్దది పెట్టుకోవడం నయం. చెప్పిన వేళకు తప్పక తిరగవలసిన మోటారుకో, రాత్రి నడవవలసినదానికో అయితే బ్యాటరీ తప్పదు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చేయాలి. నేరుగా ప్యానెల్‌కు కలిపిన మోటారు బిగుసుకుపోయినా కాలదు. 6 ఆంపియర్లు అందులో 14 వాట్ల వేడినే పుట్టిస్తాయి. బూస్టర్ పెట్టాక ఆ రక్షణ పోతుంది. పంపులో రాయి ఇరుక్కుని మోటారు ఆగితే, మండే ఎండలో 90 వాట్లు మొత్తం ఆగి ఉన్న చుట్టల్లోకి పోస్తుంది, కరెంటు 15 ఆంపియర్లకు చేరుతుంది. పొగ రావడానికి ఎంతోసేపు పట్టదు. ప్యానెల్ తీగలో ఫ్యూజు పెట్టాను కదా అనుకోకండి. పనిచేసేటప్పుడు 5.5, షార్ట్ అయినా 6 ఆంపియర్లు ఇచ్చే చోట ఫ్యూజు ఎప్పటికీ ఎగరదు. మోటారు కరెంటు 10 ఆంపియర్లు దాటకుండా కంట్రోలర్‌లోనే కట్టడి పెట్టండి. ఐదారు సెకన్లలో తిరగడం మొదలుకాకపోతే ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించేలా రాయండి. సాయంత్రం వెలుతురు చాలనప్పుడు ఊరికే మూలుగుతూ ఉండకుండా కూడా ఇదే కాపాడుతుంది. మొదలుపెట్టాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఖాళీ వోల్టేజీ (మోటారు కలపనప్పటి ప్యానెల్ వోల్టేజీ) మీద వదిలిపెట్టకండి. అది ఎలా మోసం చేస్తుందో పైన చూశాం.

మోటారును రెండు వైపులా తిప్పే ఆలోచన ఉంటే మరో చిక్కు. వేగంగా తిరుగుతున్నదాన్ని బ్రిడ్జి సర్క్యూట్‌తో (దిశ మార్చే నాలుగు స్విచ్‌ల అమరిక) ఆపబోతే, చక్రంలో ఉన్న శక్తి వెనక్కి సరఫరా వైపు వస్తుంది. బ్యాటరీ దాన్ని మింగేది. ప్యానెల్ తీగలో వెనక్కి పోనివ్వని డయోడ్ ఉంటే ఇక్కడ మింగేవాళ్లు లేరు, కెపాసిటర్ వోల్టేజీ లేచి మాస్‌ఫెట్లను చంపుతుంది. దిశ మార్చే ముందు స్విచ్‌లన్నీ తెరిచి మోటారును దానంతట ఆగనివ్వడం అన్నిటికన్నా చవక.

మూడు ఫేజుల మోటారు విషయానికి వస్తే, సూత్రం అదే, పరికరం వేరు. అక్కడ వీఎఫ్‌డీ, అంటే ఫ్రీక్వెన్సీని మార్చి మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్, ఉంటుంది. 400 వోల్టుల మోటారుకు పూర్తి వోల్టేజీ రావాలంటే దాని డీసీ వైపు సుమారు 566 వోల్టులు కావాలి, కాబట్టి ప్యానెళ్లను వరుసగా కలుపుతారు. సోలార్ పంపుల కోసం చేసిన డ్రైవ్‌లు డీసీ వోల్టేజీని గమనిస్తూ, అది తగ్గితే ఫ్రీక్వెన్సీని దించుతాయి, నిలబడితే పెంచుతాయి. మీరు గుండీ తిప్పుతూ చేసిన పనే. ఫ్రీక్వెన్సీతోపాటు వోల్టేజీనీ అదే నిష్పత్తిలో దించుతాయి. 50 హెర్ట్‌జ్‌కు 400 అయితే 25కు 200.

సెంట్రిఫ్యూగల్ పంపు అయితే కనిష్ఠ ఫ్రీక్వెన్సీ మీరే లెక్కగట్టి పెట్టాలి. పంపు ఎత్తగలిగే ఎత్తు వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. పూర్తి వేగంలో గరిష్ఠంగా 40 మీటర్లు ఎత్తే పంపుతో 20 మీటర్లు ఎత్తాలంటే వేగం కనీసం 71 శాతం, అంటే 35 హెర్ట్‌జ్ పైన ఉండాలి. అంతకన్నా కింద మోటారు తిరుగుతుంది కానీ నీటి చుక్క రాదు, లోపలి నీరు వేడెక్కి సీళ్లు పాడవుతాయి. కెపాసిటర్‌తో మొదలయ్యే సింగిల్ ఫేజ్ మోటారును ఈ పనికి తీసుకోకండి. వేగం తగ్గినప్పుడు లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్ మళ్లీ మూసుకుంటుంది, కొద్దిసేపటి కోసం పెట్టిన స్టార్టింగ్ చుట్ట పనిలోనే ఉండిపోయి కాలిపోతుంది.

ఇక ఆ వోల్టేజీల దగ్గర సొంత ప్రయోగాలు వద్దు, ఆ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. ప్యానెళ్ల వరుస ఖాళీ వోల్టేజీ అత్యంత చల్లని ఉదయాన ఎంత ఉంటుందో లెక్క వేసి, అది డ్రైవ్ మీద రాసిన గరిష్ఠం కన్నా తక్కువ ఉండేలా చూడమనండి. ఏసీ స్విచ్‌ను డీసీ వైపు బిగించనివ్వకండి. డీసీ మెరుపు ఏసీలోలా సెకనుకు వందసార్లు సున్నాకు రాదు, తెరిచిన స్విచ్ లోపలే అంటుకుని మండుతూ ఉంటుంది. డ్రైవ్ మూత తీయవలసి వస్తే డీసీ స్విచ్ తెరిచాక కూడా, లోపలి కెపాసిటర్లు ఖాళీ కావడానికి దాని మీద రాసినన్ని నిమిషాలు ఆగి, మీటరుతో చూసుకున్నాకే చేయి పెట్టాలి. ఆ స్విచ్‌కు అవతల, ప్యానెళ్ల వైపు తీగల్లో మాత్రం వెలుతురు ఉన్నంతసేపూ వోల్టేజీ ఉంటుంది.